జైలు గంట, ఇంటి రంది

మొన్న వరంగల్ పోయాను. మా చిన్నత్తను ఎంజీఎం ఆసుపత్రిలో చేర్పించారంటే చూసొద్దామని. వార్డు ముందు వరండాలో ఎవరో అప్పుడే ఫినాయిల్ వేసి తుడిచి పోయినట్టున్నారు, నేల ఇంకా తడిగానే ఉంది. ఆ వాసన తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. అందరికీ అది ఆసుపత్రి వాసన. నాకు మా బాపు యూనిఫాం వాసన. రాత్రి డ్యూటీ చేసి, తెల్లారి బారక్‌లు తెరిచి కడిగించి ఇంటికొస్తే, మనిషి కంటే ముందు ఆ వాసన గడప దాటి వచ్చేది.

బాపు వరంగల్ సెంట్రల్ జైల్లో వార్డర్. చివర్లో హెడ్ వార్డర్ అయ్యాడు. నేను పుట్టింది, పదో తరగతి దాకా పెరిగింది జైలు గోడ పక్కన సిబ్బంది క్వార్టర్ల లైన్లలోనే.

అత్తను చూసి బయటికొచ్చి, ఆటో ఎక్కకుండా అటువైపు నడిచాను. జైలు లేదని తెలుసు. నిజాం కాలంలో కట్టిన, 130 ఏళ్లు పైబడిన జైలు అది. 2021లో ఖైదీలందరినీ చర్లపల్లికీ, ఇంకా వేరే జైళ్లకూ తరలించి, గోడలతో సహా కూలగొట్టారు. ఆ జాగాలో 24 అంతస్తుల ఆసుపత్రి తలపెట్టారు. తలెత్తి చూస్తే మెడ పట్టేసేంత భవనం. ఆసుపత్రి రావడం మంచిదే, కాదనను, ఎంజీఎంలో ఒక్కో మంచం కోసం జనం పడే పాట్లు అప్పుడే చూసొచ్చాను కదా. కానీ మా ఇల్లు ఎక్కడుండేదో కనిపెడదామని రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాను. గోడ ఉంటే గోడనుంచి లెక్కపెట్టుకునేదాన్ని, మూడో లైను, చివరి నుంచి రెండో ఇల్లు అని. గోడే లేకపోయేసరికి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు.

*

మాకు గడియారం ఉండేది కానీ దాన్ని ఎవరూ చూసేవాళ్లు కాదు. జైలు గంట ఉండేది. లోపల గంటగంటకూ కొట్టేవారు, రాత్రంతా కూడా. నాలుగు కొడితే అమ్మ లేచేది, వాకిట్లో సాన్పి చల్లే చప్పుడు వినపడేది. పొద్దున్నే బారక్‌లు తెరవడం, లెక్క. మధ్యాహ్నం మళ్లీ లెక్క. సాయంత్రం పొద్దుండగానే, అయిదు కాకముందే రాత్రి అన్నం పెట్టేసి, దీపాలు పెట్టే వేళకల్లా అందరినీ బారక్‌ల్లోకి పంపి తాళాలు వేసేవారు. తాళం వేశాక ఆఖరి లెక్క. లోపల ఎంతమంది ఉండాలో అంతమందీ ఉన్నారని తేలితేనే డ్యూటీ మారేది. ఒక్కరు తక్కువొచ్చినా మళ్లీ మొదటి నుంచి. తొంభై తొమ్మిదిసార్లు ఎవరో నిద్రపోయి దుప్పటి కింద ఉండటమో, ఆసుపత్రి గదిలో ఉన్న మనిషిని మర్చిపోవడమో అయ్యుండేది. అయినా సరే, బాపు ఆలస్యంగా వస్తే అమ్మ ఒక్కటే మాట అడిగేది, "లెక్క కుదరలేదా?" అని. లైన్లలో ఆడవాళ్లందరికీ ఆ మాట అలవాటే. మా ఇళ్లల్లో సాయంత్రం వంట పొయ్యి మీదికి ఎక్కేది గడియారం చూసి కాదు, లెక్క కుదిరాకే.

ఆ తాళాలు వేసే వేళ గురించి బాపు చాలాసార్లు చెప్పేవాడు. పగలంతా పని ఉంటుంది, మగ్గాల దగ్గరో, వడ్రంగం దగ్గరో, తోటలోనో ఉంటారు, మాట్లాడుకుంటారు, తిట్టుకుంటారు. "పొద్దుగూకినంక సూడాలె బిడ్డా. అప్పటిదాక మంచిగ నవ్విన మనిషే కటకటాలు పట్టుకొని ఆకాశం దిక్కు సూసుకుంట నిలవడ్తడు. పక్షులు గూళ్లకు పోతయి కద, అటు." ఊళ్లో పుట్టిన మనిషికి ఆ వేళే గొడ్లు ఇంటికొస్తాయి, పొయ్యి పొగ లేస్తుంది, పిల్లలు కాళ్లు కడుక్కుంటారు. జైలుకొచ్చిన వాళ్లలో ఎక్కువమంది ఊళ్లవాళ్లే. ఆ వేళ తాళం పడేది.

దానికి వాళ్ల మాట రంది. ఇంటి రంది. "ఫలానాయనకు రంది పట్టింది సార్, బువ్వ తింటలేడు" అని పక్కవాళ్లొచ్చి చెప్పేవారట. బెంగ అన్నా అదే కావచ్చు, కానీ నాకు రంది అంటేనే ఆ బరువు తెలుస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి పది పదిహేను రోజులు కనిపెట్టుకుని ఉండాలనేవాడు బాపు. ఏళ్లు గడిచినవాళ్లకు తగ్గుతుందా అని అడిగితే, తగ్గదు, కానీ దానికి ఒక టైం వస్తుంది అన్నాడు. పండుగకో, వానకో, నెలకో రెణ్నెల్లకో ఓసారి వచ్చిపోతుందట.

*

ఒకసారి బాపు డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ అమ్మను అడిగాడు, "నిన్న మాపటీలి మనం ఏం వండినం?" అని. చింతచిగురు, ఎండు చేపలు అంది అమ్మ. లోపల ఒకాయన అడిగాడట, "సార్, మీ లైన్లల ఎవలో చింతచిగురుల ఎండు చాపలేసిన్రు నిన్న. రాత్రంత నిద్ర పట్టలే" అని. ఫిర్యాదు కాదు. ఊరికే చెప్పాడు. వాళ్లమ్మ అట్లాగే వండేదని, పోపులో ఎల్లిపాయ ఎక్కువ వేస్తుందని, నిన్న గోడ దాటొచ్చిన వాసనలో కూడా ఎల్లిపాయ ఎక్కువే ఉందని.

అమ్మ ఆ రోజు ఏమీ అనలేదు. కానీ తర్వాత గమనిస్తే, సాయంత్రం పూట మా ఇంట్లో ఎండు చేపలు పొయ్యి మీదికి ఎక్కడం మానేశాయి. ఏదైనా వేయించాలన్నా, ఘాటు పోపు పెట్టాలన్నా పగటిపూటే కానిచ్చేది, వాళ్లు పనుల్లో ఉన్నప్పుడు, మగ్గాల చప్పుడులో ఉన్నప్పుడు. సాయంత్రం మాకు పప్పో, పచ్చిపులుసో. పచ్చిపులుసుకు పొయ్యే అక్కర్లేదు కదా. పక్కింటి వాళ్లకు కూడా చెప్పింది. కొందరు విన్నారు, కొందరు "మనం తినుడు మానుతమా ఏంది" అన్నారు, వాళ్లది తప్పని నేననను. కానీ పెళ్లయి హైదరాబాద్ వచ్చాక కూడా నాకు సాయంత్రం ఆరు దాటితే చేపలు వేయించడానికి చెయ్యి రాదు. మా ఆయనకు ఇది చెప్పడానికి చాలా ఏళ్లు పట్టింది.

*

జైలు గేటుకు ఎదురుగా వేపచెట్టు ఉండేది. ములాఖత్‌కు వచ్చినవాళ్లంతా దాని కిందే. ములుగు నుంచి, ఏటూరునాగారం నుంచి, మంథని నుంచి, ఇంకా అటు ఆదిలాబాద్ నుంచి కూడా మొదటి బస్సు పట్టుకుని వచ్చేవారు. కొందరు ముందు రోజు రాత్రే వచ్చి బస్టాండులో పడుకుని పొద్దున్నే నడిచొచ్చేవారు. వాళ్లకు దరఖాస్తు రాయాలి. ఖైదీ పేరు, నంబరు, నువ్వేమవుతావు, ఎందుకు కలవాలి. చాలామందికి చదువు రాదు. నాకప్పుడు ఆరో తరగతో ఏడో తరగతో. సెలవు రోజుల్లో చెట్టు కింద కూర్చుని రాసిచ్చేదాన్ని. పైసలు తీసుకోవద్దని బాపు గట్టిగా చెప్పాడు. మొక్కజొన్న కంకులో, సీతాఫలాలో ఇస్తే మాత్రం అమ్మ కాదనేది కాదు.

"ఎందుకు కలవాలి" అన్నచోట ఏం రాయాలో నాకు ఎప్పుడూ తెలిసేది కాదు. ఒక ముసలమ్మ "ఏముంటది బిడ్డా, సూసిపోదామని" అంది. నేను అట్లాగే రాశాను, చూసిపోదామని. తర్వాత అందరికీ అదే రాశాను.

వండుకొచ్చినవి లోపలికి పోనిచ్చేవారు కాదు. సర్వపిండి, సకినాలు, గుడ్డలో కట్టిన జొన్నరొట్టెలు. తీసుకొచ్చిన తల్లులు వాటిని తిరిగి ఊరికి మోసుకుపోలేక, పారెయ్యలేక, మా అరుగు మీద కూర్చుని మాకు పంచేవారు. మేం తింటుంటే చూసేవారు. ఆ చూపు ఎందుకో అప్పుడు అర్థం కాలేదు, రుచిగా ఉంది కాబట్టి తినేశాం. ఇప్పుడు ఎక్కడైనా సర్వపిండి కొరికితే ఆ చూపే ముందు గుర్తొస్తుంది.

కలిసే టైం పదిహేను నిమిషాలో, ఇరవై నిమిషాలో. మధ్యలో జాలీ. ఇటు పదిమంది, అటు పదిమంది, ఒకరి మాట ఒకరికి వినపడక అందరూ అరిచేవాళ్లే. బాపు అక్కడ డ్యూటీ పడ్డ రోజు ఇంటికొచ్చి తలనొప్పి అని పడుకునేవాడు. సగం టైం ఏమీ మాట్లాడకుండా ఒకరినొకరు చూసుకోవడంలోనే పోతుందనేవాడు. మిగిలిన సగంలో కేసు గురించి, వకీలు గురించి మాట్లాడతారనుకుంటాం కదా. అవి తక్కువ. బర్రె ఈనిందా. దూడ ఏ రంగుది. బావిల నీళ్లు ఎక్కడిదాక ఉన్నయి. ఎనుక గోడ కూలింది కదా, పెట్టించిన్రా. కుక్క ఉన్నదా, పోయిందా. చివర్లో బెల్లు కొట్టాక, వెళ్లిపోతూ వెనక్కి తిరిగి, అంతసేపూ అడగనిది అడుగుతారు, అమ్మ ఎట్లున్నదని.

ఒకామె నాకు బాగా గుర్తు. సన్నగా, పొడుగ్గా ఉండేది, ఎప్పుడూ ఒంటరిగానే వచ్చేది. బిడ్డను తీసుకురమ్మని భర్త ఒక్కసారీ అనలేదట, ఈ చోటు చూడొద్దని. ఆమె కొంగుకు ఒక నూలు దారం కట్టుకుని వచ్చేది. దారానికి ముడి. ముడి దాకా బిడ్డ ఎత్తు. లోపల జాలీ దగ్గర ఆ దారాన్ని ఒక చేత్తో పైకెత్తి, నేల దాకా జారవిడిచి పట్టుకుని చూపించేదట, ఇంత అయింది అని. ఆయన జాలీ ఇవతల తన ఒంటికి కొలుచుకునేవాడట, మోకాలు దాటింది, తుంటి దాకా వచ్చింది అని. ఆరునెలలకో ముడి. పాత ముళ్లు విప్పేది కాదు. నేను దరఖాస్తు రాస్తుంటే ఆ దారం నాకు కూడా చూపించింది. ఆఖరిసారి నేను చూసినప్పుడు ఏడో ఎనిమిదో ముళ్లున్నాయి.

*

ఇప్పుడు చెప్పేది బాపు ఎవరికీ చెప్పలేదు, చాలా ఏళ్ల దాకా మాకు కూడా. అమ్మ చెప్పింది.

అప్పట్లో పదిహేను పైసల కార్డులు. లోపలికొచ్చే ప్రతి ఉత్తరాన్నీ ముందు ఆఫీసులో చదివి, ముద్రేసి ఇచ్చేవారు. చదువురాని వాళ్లకు వార్డర్లో, చదువొచ్చిన ఖైదీలో చదివి వినిపించేవారు. ఒకే ఉత్తరాన్ని ఒక్కొక్కరు నాలుగైదుసార్లు చదివించుకునేవారట. అన్నీ ఒకేలా ఉండేవి, ఇక్కడ అందరమూ క్షేమము, అక్కడ నీవు క్షేమమని తలుస్తాము. ఆ "ఇక్కడ" అన్న మాట దగ్గర ఆపి, మళ్లీ చదవమనేవాడట ఒకాయన.

ఒక దసరా ముందు రోజు సాయంత్రం, నర్సంపేట అవతల ఒక ఊరి మనిషికి వచ్చిన కార్డు బాపు చేతికి ఇచ్చారు, బారక్‌లో అందజేయమని. ఏదో హడావిడిలో జేబులో పెట్టుకున్నాడు. లెక్క ఆలస్యమైంది, చీకటి పడింది, ఇంటికొచ్చేశాడు. మర్నాడు పండుగ సెలవు. అమ్మ చొక్కా నానబెట్టి, ఉతికి, ఆరేసింది. మూడో రోజు ఇస్త్రీ చేద్దామంటే జేబులో గట్టిగా, నీలంగా ఏదో ముద్ద. ఒక్క అక్షరం మిగల్లేదు.

బాపు పోయి ఆ మనిషికి చెప్పేశాడు. దాచలేదు. ఆయన ఏమీ అనలేదట, అరవలేదట. "ఏం రాసిన్రో సార్" అన్నాడు, అంతే. ఆఫీసులో చదివిన గుమాస్తాను అడిగితే ఆయనకు గుర్తులేదు, రోజూ అన్ని కార్డులు చదివే మనిషికి ఏం గుర్తుంటుంది. ఏదో రాశారు అన్నది తెలుసు, ఏం రాశారో తెలియదు, అదీ ఆరేడు నెలల తర్వాత వచ్చిన కార్డు. ఆ మనిషి అన్నం మానేశాడు.

వార్డర్ అన్నవాడు ఖైదీ ఇంటికి పోవడం రూలుకు ఒప్పదు. అయినా తన వారపు సెలవు రోజున బాపు మఫ్టీలో నర్సంపేట బస్సెక్కాడు. అక్కడ దిగి ఇంకో బస్సు, అది దిగి నాలుగైదు కిలోమీటర్లు నడక. ఇల్లు కనుక్కున్నాడు. ఆ తల్లి ముందు భయపడిందట, కొడుకుకు ఏమైందో చెప్పడానికి వచ్చాడని. విషయం చెబితే కూలబడి ఏడ్చి, తర్వాత చాయ్ పెట్టిందట. కార్డులో ఏముందంటే, చెల్లెలికి సంబంధం కుదిరింది, వచ్చే మాఘంలో లగ్గం. అంతే.

మర్నాడు బాపు ఆ కబురు చెప్పాడు. ఆయన సంతోషపడ్డాడు. కానీ రెండు నిమిషాల్లోనే ఆ మాట పక్కకు పెట్టి అడిగాడట, "సార్, మీరు మా ఇంట్లకు పోయిన్రా? లోపటికి? దర్వాజ ముందట అరుగు అట్లనే ఉన్నదా?" ఉంది అన్నాడు బాపు. అరుగు మీద ఎడమ దిక్కు పగులు ఉంటది, చూసిన్రా? చూడలేదు. ఎక్కడ కూసున్నరు? మంచం మీద. నులక మంచమా, నవారు మంచమా? నులక. అది మా నాయినది సార్. దూలానికి ఉట్టి ఏలాడుతున్నదా? పెరట్ల జామచెట్టు కాసిందా? బాపు చూసినవి చెప్పాడు, చూడనివి చూడలేదని చెప్పాడు. ఆ రోజు డ్యూటీ అంతా అదే అయిందట. చుట్టూ ఇంకో పదిమంది చేరి వాళ్లు కూడా విన్నారట, వాళ్ల ఇల్లు కాకపోయినా.

అప్పటి నుంచి బాపుకు అదొక పని అయింది. పెళ్లికనో, జాతరకనో, మా అమ్మమ్మ వాళ్ల ఊరికనో ఎటు పోయినా, ఆ దారిలో ఎవరి ఊరుందో మనసులో పెట్టుకునేవాడు. ఇంట్లోకి పోయేవాడు కాదు, మాట్లాడేవాడు కాదు. బజార్లో నడుచుకుంటూ పోయి, చూసి, వచ్చేవాడు. మేడారం జాతరకు పోయినప్పుడు మమ్మల్ని బండి మీద కూర్చోబెట్టి అరగంట ఎటో మాయమయ్యాడు. అమ్మ తిట్టింది. తర్వాత తెలిసింది, తాడ్వాయి దగ్గర ఎవరిదో ఇల్లు చూడటానికి పోయాడని. తాళం వేసుందట. లోపల ఆ మనిషికి ఏం చెప్పాలో తెలియక, తిరుగు దారంతా మాతో మాట్లాడలేదు. చివరికి ఏం చెప్పాడో నేను అడగలేదు, ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేడు.

*

ఆడవాళ్ల బారక్ వేరుగా ఉండేది. బతుకమ్మ రోజుల్లో లోపల పేర్చుకోవడానికి పూలు కావాలని అక్కడి వార్డరమ్మ అడిగేది. మేం పిల్లలమంతా ములుగు రోడ్డు పొంటి తిరిగి తంగేడు, గునుగు కోసుకొచ్చేవాళ్లం. అధికారులను అడిగి, చూపించి, బుట్టలు లోపలికి పంపేవారు. రాత్రి గోడ ఇవతల మేం ఆడేవాళ్లం, అవతల వాళ్లు. ఒకే పాట రెండు పక్కలా కొంచెం ముందూ వెనకగా వినపడేది. ఒక్కోసారి మేం ఆపి వినేవాళ్లం. బతుకమ్మ అంటేనే పుట్టింటికి పోవడం కదా. వాళ్ల పాట ప్రతిసారీ ఒకేచోట సన్నబడేది, అన్నలొచ్చి తోలుకపోయే చోట. అప్పుడు మా లైన్లలో పెద్దవాళ్లెవరో గొంతు పెంచి అందుకునేవారు.

వాళ్లలో ఒకామెకు కొడుకు లోపలే పుట్టాడు. తల్లుల దగ్గర పసిపిల్లలను కొన్నేళ్ల దాకా ఉండనిస్తారు. తర్వాతెప్పుడో 2006లో సుప్రీంకోర్టు, అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన కేసులోనే, ఆరేళ్ల దాకా ఉండొచ్చని స్పష్టంగా చెప్పింది. ఈ పిల్లాడికి అయిదో ఏడు నడుస్తుండగా మేనమామ వచ్చి తీసుకుపోయాడు. గేటు బయట మా కుక్కను చూసి వాడు పెట్టిన కేక ఇప్పటికీ చెవుల్లో ఉంది. వాడు కుక్కను ఎప్పుడూ అంత దగ్గర్నుంచి చూడలేదు. మేనమామ మంచివాడే, బిస్కెట్ పుడ కొనిచ్చాడు, ఎత్తుకున్నాడు, ఇంటికి పోదాం అన్నాడు. వాడు జైలు గేటు వైపు చెయ్యి చాపి "ఇల్లు గదే, ఇల్లు గదే" అని ఏడుపు. వేపచెట్టు కింద ఉన్నవాళ్లందరూ లేచి నిలబడ్డారు. మా అమ్మ ఇంట్లోకి పోయి తలుపేసుకుంది.

నెల తర్వాత మేనమామ వాణ్ని ములాఖత్‌కు తెచ్చాడు. వాడు రాత్రిళ్లు నిద్రపోవడం లేదట, గంట కొట్టట్లేదని.

*

పద్నాలుగేళ్లు అనే లెక్క మా లైన్లలో పిల్లలకు కూడా తెలుసు. యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లకు వదిలేస్తారని బయట చాలామంది అనుకుంటారు. అట్లా కాదు. 1978లో చట్టంలో చేర్చిన సెక్షన్ ప్రకారం, ఉరిశిక్ష కూడా పడగల నేరానికి యావజ్జీవం పడితే, కనీసం 14 ఏళ్లు లోపల ఉంటే తప్ప శిక్ష తగ్గించి వదలడానికి లేదు. ఆ తర్వాత కూడా ప్రభుత్వం తలచుకోవాలి. ఖైదీలు మాత్రం దాన్ని వనవాసం అనేవారు. ఆగస్టు 15కో, జనవరి 26కో, గాంధీ జయంతికో విడుదలలు ఉంటాయని కబురొస్తే వారాల ముందు నుంచే ఎవరికీ నిద్ర ఉండేది కాదు, పేరు ఉన్నవాళ్లకూ, లేనివాళ్లకూ.

అట్లా విడుదలైన ఒక పెద్దాయన మూడో నెలలోనే వేపచెట్టు కింద కనిపించాడు. ఎవరినో చూడటానికి వచ్చాడనుకున్నాం. కాదు. ఊరికి పోతే ఇల్లు కూలిపోయి, జాగా ఎవరో కలుపుకున్నారట. అన్న కొడుకు ఇంట్లో ఓ మూల ఉండనిచ్చారు, తిట్టలేదు, కొట్టలేదు, కానీ ఆయన్ను గుర్తుపట్టే మనిషి ఆ ఊళ్లో నలుగురు కూడా లేరు. పద్నాలుగేళ్లూ ఆయన మనసులో తిరిగిన బజారు అక్కడ లేదు. బాపు బయటికొచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. చీకటిపడే ముందు బస్సు ఎక్కించి వచ్చాడు. తర్వాత కూడా రెండు మూడుసార్లు వచ్చాడాయన.

సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలును మ్యూజియం చేసి, 500 రూపాయలు కడితే ఒక రోజంతా ఖైదీలా ఉండనిచ్చే ఏర్పాటు చేశారు కదా, ఆమధ్య మా బంధువుల పిల్లలు పోయొస్తామంటే నాకు మనసొప్పలేదు. 24 గంటల్లో గది ఎట్లుంటుందో తెలుస్తుంది, గంజు, గ్లాసు ఎట్లుంటాయో తెలుస్తుంది. రేపు పొద్దున ఇంటికి పోతానని తెలిసిన మనిషికి రంది ఎక్కడి నుంచి వస్తుంది?

మా చిన్నాన్న కొడుకు కూడా జైళ్ల శాఖలోనే ఉన్నాడు. కరోనా వచ్చి ములాఖత్‌లు బంద్ అయినప్పుడు వీడియో కాల్స్ పెట్టారు. వాడు చెప్పాడు, ఒకాయన భార్య తయారై, పిల్లల్ని తయారు చేసి, ఫోన్ ముందు వరుసగా కూర్చోబెట్టిందట. ఆయన రెండు నిమిషాలు చూసి, "మీరు మంచిగనే ఉన్నరు గని, ఫోన్ అటు తిప్పుండ్రి, ఇల్లు సూపెట్టుండ్రి" అన్నాడట. ఆమె వంటిల్లు, పెరడు, బావి, అన్నీ తిప్పి చూపించింది. టైం అయిపోయింది. నేను ఇది బాపుకు ఫోన్లో చెబితే అవతల చాలాసేపు మాట లేదు.

*

రిటైరయ్యాక బాపు వరంగల్‌లోనే కిరాయికి ఉన్నాడు, గంట వినపడేంత దూరంలో. ఆరోగ్యం బాగాలేక నా తమ్ముడి దగ్గరికి, హైదరాబాద్ బోడుప్పల్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌కు వచ్చాడు. 2021లో టీవీలో జైలు ఖాళీ చేస్తున్నట్టు చూపించారు. ఖైదీలను బస్సుల్లో తీసుకుపోతున్నారు. బాపు మంచం మీద లేచి కూర్చుని చూశాడు. దాశరథి గారిని నిజాం ప్రభుత్వం ఇందూరు (నిజామాబాద్) కోట జైలుకు మార్చకముందు ఇక్కడే పెట్టిందని, అందరికీ ఎప్పుడూ చెప్పే మాటే, మళ్లీ చెప్పాడు. తర్వాత "గంట ఏం చేసిన్రో" అన్నాడు. కనుక్కుంటానన్నాను. కనుక్కోలేదు.

ఆ మరుసటి ఏడు అమ్మ పోయింది. అప్పటి నుంచి బాపుకు మతి నిలవడం తగ్గింది. పగలంతా బాగానే ఉండేవాడు. పొద్దుగూకేసరికి లేచి కూర్చునేవాడు. ఇంటికి పోదాం అనేవాడు. ఏ ఇంటికి బాపూ అంటే, మూడో లైను అనేవాడు. నేను నెలకు పదిహేను రోజులు అక్కడే ఉండేదాన్ని. ఆరు దాటాక గది గదికీ తిరిగి కిటికీలు ఊపి చూసేవాడు, బాల్కనీ తలుపు గొళ్లెం లాగి చూసేవాడు. తర్వాత మమ్మల్నందరినీ హాల్లో కూర్చోమనేవాడు. వేలితో చూపిస్తూ లెక్కపెట్టేవాడు. తమ్ముడు, మరదలు, వాళ్ల బాబు, నేను.

"ఒకలు తక్కువొస్తున్నరు" అనేవాడు.

అమ్మ లేదు బాపూ అని మొదట్లో చెప్పాం. అప్పుడే విన్నట్టు చూసేవాడు, ఏడ్చేవాడు, మర్నాడు సాయంత్రం మళ్లీ అదే. చెప్పడం మానేశాం. మళ్లీ లెక్కపెట్టు బాపూ అనేవాళ్లం. మళ్లీ పెట్టేవాడు, నాలుగే వచ్చేవి. లెక్క కుదరకుండా బాపు పడుకోడు, మంచం మీద కూడా కూర్చోడు, తలుపు దగ్గరే నిలబడేవాడు, ఆ వయసులో, గంటలు గంటలు.

పక్క ఫ్లాట్‌లో నాలుగో తరగతి చదివే పిల్లాడున్నాడు. ఒకరోజు తమ్ముడు పోయి వాణ్ని పిలుచుకొచ్చి మా వరుసలో చివర కూర్చోబెట్టాడు. బాపు వేలు చూపిస్తూ వచ్చాడు, ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ పిల్లాడి దగ్గర కాసేపు ఆగాడు. వాడు స్కూల్లో హాజరు పలికినట్టు చెయ్యెత్తాడు. అయిదు అన్నాడు బాపు. తలుపు గొళ్లెం పెట్టి, లైటార్పమని చెప్పి, పోయి పడుకున్నాడు. ఆ తర్వాత బాపు ఉన్నన్నాళ్లూ ఆ పిల్లాడు రోజూ ఆరున్నరకు హోంవర్క్ పుస్తకం పట్టుకుని వచ్చేవాడు.